సైర్ మగాళ్ల హక్కేనా?



ఈసారి సంక్రాంతి సెలవులకు బేగంనీ పిల్లల్నీ తీసుకుని విశాఖపట్నం వెళ్లాను. మా అమ్మీ ఇప్పటికీ పాత ఊళ్లో, కోట వీధి దగ్గర మా పాత ఇంట్లోనే తమ్ముడి దగ్గర ఉంటుంది. మగ్రిబ్ అయ్యాక అందరం మేడ మీద చాప వేసుకుని కూర్చున్నాం. దక్షిణం వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ చీకట్లో నల్లగా కనిపిస్తోంది. దాని మీద లైట్‌హౌస్ వెలుగు ఒకసారి వచ్చి, పోయి, మళ్లీ వస్తోంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. దానికి ప్రతిదీ అడగాలి. "దాదీ, ఉస్ పహాడ్ కే ఊపర్ సే సముందర్ కైసా దిఖ్తా?" అని అడిగింది.

అమ్మీ నవ్వింది. "ముఝే క్యా మాలూమ్ బేటా? మై కబ్ గయీ?" అంది.

టీ గ్లాసు పట్టుకుని నేను అలాగే ఉండిపోయాను. అమ్మీ ఆ ఇంటికి దుల్హన్‌గా వచ్చినప్పుడు ఆమె వయసు 19. ఇప్పుడు 68. దాదాపు 50 ఏళ్లు రోజూ రాత్రి బట్టలు తీయడానికి మేడెక్కినప్పుడల్లా ఆ వెలుగు చూసింది. ఒక్కసారి కూడా అక్కడికి వెళ్లలేదు. నేనెన్నిసార్లు వెళ్లానో లెక్కే లేదు. చిన్నప్పుడు అబ్బా సైకిల్ మీద ముందు తమ్ముణ్ని, వెనక నన్ను కూర్చోబెట్టుకుని ఆదివారాలు తీసుకెళ్లేవారు. కాలేజీ రోజుల్లో దోస్తులతో వెళ్లాను. ఆ ఆదివారాలు మా ఆపా గుమ్మం దగ్గర నిలబడి మమ్మల్ని చూస్తూ ఉండేది. "మై భీ ఆతీ" అని ఏడెనిమిదేళ్ల వయసు దాకా అడిగింది. తర్వాత అడగడం మానేసింది. ఆమెకు శౌక్ లేదని మేమనుకున్నాం.

ఈ మాటలు అబ్బా మీద షికాయత్‌గా రాయడం లేదు. అల్లాహ్ ఆయన్ని మగ్‌ఫిరత్ చేయుగాక. ఆయన చాలా మంచి మనిషి. అమ్మీ మీద ఒక్కసారి గొంతు పెంచడం నేను చూడలేదు. కానీ ఇంట్లో ఆడవాళ్లకి కూడా కొండ మీంచి సముద్రం చూడాలని ఉంటుందన్న ఖయాల్ ఆయనకు రాలేదు. దాని సంగతి సరే. నాకు వచ్చిందా? మా నికాహ్ అయి 17 ఏళ్లు. బేగం ఈ 17 ఏళ్లలో ఎక్కడెక్కడికి వెళ్లిందని ఆ రాత్రి లెక్కేశాను. షాదీలు, మయ్యత్‌లు, కాన్పుకి పుట్టిల్లు, ఆస్పత్రి, ఉర్సుకి దర్గా. అంతే. నేను మాత్రం దోస్తులతో అరకు వెళ్లాను, పాపికొండలు వెళ్లాను, హంపీ రెండుసార్లు వెళ్లాను.

పొద్దున్నే వెళదాం, అందరం, అన్నాను.

అమ్మీ వెంటనే "నక్కో" అంది. ఘుట్నాలు నొప్పి, ఈ ఉమర్‌లో సైర్ ఏమిటి, లోగ్ క్యా బోల్తే, ఇంట్లో వంట కౌన్ కర్తే. ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. సరే, పొద్దున చూద్దాం అని పడుకున్నాం. ఫజర్‌కి లేచేసరికి వంటింట్లోంచి పరాఠాల వాసన వస్తోంది. ఖీమా డబ్బాలో సర్దేసి ఉంది. ఉడికించిన గుడ్లు, టీ ఫ్లాస్కు, జానిమాజ్, తాగే నీళ్లు, వుజూకి వేరే సీసాలో నీళ్లు. మంచం మీద ఇస్త్రీ చేసిన బుర్ఖా. మేము లేవకముందే సఫర్ సామాను మొత్తం తయారు. "నక్కో" అన్న మనిషే ఇదంతా చేసింది.

నేను ఆ వంటింటి గుమ్మంలో నిలబడి ఒక విషయం తెలుసుకున్నాను. మన ఇళ్లల్లో ఆడవాళ్లు "వద్దు" అన్నప్పుడు నిజంగా వద్దని కాదు. రెండోసారి ఎవరూ అడగరని వాళ్లకి ఆదత్ అయిపోయింది. ముందే వద్దనేస్తే దిల్ నొప్పి పడదు.

మా మేడ మీంచి చూస్తే ఆ కొండ చెయ్యి చాపితే అందేటట్టు ఉంటుంది. మధ్యలో ఉన్నది ఓడలు హార్బర్‌లోకి వచ్చే సన్నటి నీటిదారి ఒక్కటే. రోడ్డు మీద మాత్రం హార్బర్ మొత్తం చుట్టి, మల్కాపురం, సింధియా దాటి వెళ్లాలి. దారిలో పిల్లలకి నాకు తెలిసింది చెప్పాను. ఆ చోటికి సింధియా అని పేరెందుకు వచ్చిందంటే, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1941లో అక్కడ ఓడలు కట్టే కర్మాగారం మొదలుపెట్టింది. మీ దాదా ఫిట్టర్‌గా చేసిన షిప్‌యార్డ్ అదే. స్వతంత్రం వచ్చాక అక్కడ తయారైన జల ఉష ఓడని 1948 మార్చిలో నెహ్రూ వచ్చి నీళ్లలోకి వదిలారు. అంతకుముందు 1933 అక్టోబరులో ఈ హార్బర్‌లోకి మొదటి ఓడ వచ్చింది. దాని పేరు జల దుర్గ. అసలు హార్బర్ ఇక్కడే ఎందుకు కట్టారంటే ఈ కొండే కారణం. సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చి, దక్షిణం నుంచి వచ్చే అలల్ని అడ్డుకుంటుంది. చాలక, ఇసుకా అలలూ దారిని మూసేయకుండా రెండు పాత ఓడల్ని అక్కడే ముంచి అడ్డుకట్ట చేశారు.

"అబ్బా యే సబ్ ఆప్ కో బోలే థే దాదీ?" అని మా అబ్బాయి అడిగాడు. అమ్మీ కిటికీలోంచి చూస్తూ "కామ్ సే ఆకే సో జాతే థే, కబ్ బోల్తే?" అంది. ఆ షిప్‌యార్డ్‌కి 30 ఏళ్లు పైగా టిఫిన్ డబ్బా కట్టిన మనిషి, దాని గేటు చూడ్డం ఆ రోజే మొదటిసారి.

కొండెక్కే రోడ్డు మలుపులు తిరుగుతుంది. అది నేవీ వాళ్ల ఇలాఖా. ఆధార్ కార్డులు చూపించాం, అడిగినవాటికి జవాబులు చెప్పాం, పంపించారు. ముందు కొండ దాటి యారాడ వైపు దిగి, పిల్లల్ని ఇసుకలో ఆడించి, జొహర్ చదువుకుని, దస్తర్‌ఖాన్ పరుచుకుని తిన్నాం. లైట్‌హౌస్‌లోకి జనాన్ని సాయంత్రం కొద్దిసేపే రానిస్తారు. కాబట్టి తిరుగు దారిలో దాని దగ్గరికి వెళ్లాం.

ఈ లైట్‌హౌస్ 1957 నాటిది. అంటే అమ్మీ కంటే కొంచెం పెద్దది. దాని లోపల మెట్లు ఉన్నాయి, అమ్మీ ఘుట్నాలు వాటికి ఒప్పుకోలేదు. ఐదారు మెట్లెక్కి, గోడ పట్టుకుని నిలబడి, దిగిపోయింది. "తుమ్ జావ్ బేటా, మై యహాఁ బైఠ్తీ" అని కింద నీడలో కూర్చుంది. "దస్ సాల్ పెహ్లే లాయే హోతే తో చఢ్ జాతీ" అని కూడా అంది. కోపంగా అనలేదు. మామూలుగానే అంది. కోపంగా అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

బేగం, పిల్లలు పైకి వెళ్లారు. నేను అమ్మీ దగ్గరే కూర్చున్నాను. ఊరికే ఉండలేక మీనార్ అన్న మాట సంగతి చెప్పాను. మన మస్జిద్ మీనార్ ఉంది కదా అమ్మీ, ఆ మాట అరబీలో మనారా నుంచి వచ్చింది. మనారా అంటే వెలుగుండే చోటు, దీపస్తంభం. అందులో ఉన్నది నూర్ అన్న మాటే. మిస్ర్‌లో ఇస్కందరియా ఊళ్లో వెనకటికి దునియా మొత్తం వింతగా చెప్పుకున్న లైట్‌హౌస్ ఉండేది. ఇబ్న్ బతూతా 1326లో అక్కడికి వెళ్లినప్పుడు ఒక వైపు కూలిపోయి ఉన్నా, లోపలికి వెళ్లి చూడగలిగాడు. మళ్లీ 1349లో వెళ్లేసరికి గుమ్మం దాకా ఎక్కడానికి కూడా వీల్లేనంత పాడైపోయింది. తర్వాత 15వ శతాబ్దంలో సుల్తాన్ ఖాయిత్‌బే అదే చోట కోట కట్టించాడు. ఇప్పుడక్కడ ఉన్నది ఆ కోటే.

అమ్మీ విని, "అచ్ఛా హువా, వో పెహ్లే ఏక్ బార్ దేఖ్ లియా" అంది.

అవును. చూడాల్సింది నిలబడి ఉండగానే చూడాలి. చూడాల్సినవాళ్ల కాళ్లు ఆడుతుండగానే చూడాలి. "రిటైర్ అయ్యాక అందర్నీ తిప్పుతాను" అనే అన్నల్లారా, భాయిజాన్‌లారా, మీరు రిటైర్ అయ్యేసరికి మీ బేగం ఘుట్నాల సంగతేంటో ఒకసారి ఆలోచించండి.

పిల్లలు దిగొచ్చాక, దారిలో ఒక మలుపు దగ్గర కారాపించాను. అక్కడ్నించి హార్బర్, దాని అవతల పాత ఊరు మొత్తం కనిపిస్తాయి. అవతలి ఒడ్డున మూడు చిన్న కొండలు. ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. దర్గా కొండని అమ్మీ వెంటనే పట్టేసింది. హజ్రత్ ఇస్‌హాక్ మదనీ దర్గా అది. ఈ తీరం దాటే ఓడలు ఆ దర్గాకి సలాముగా తమ జెండాని మూడుసార్లు ఎత్తి దించేవని ఇంగ్లీషోళ్ల కాలం నాటి జిల్లా గెజిటీర్‌లో రాశారు. అంటే ఈ కొండ మీద ఈ లైట్‌హౌస్ రాకముందు నుంచే ఓడలవాళ్ల చూపు ఈ ఒడ్డున ఒక చోట ఆగుతూ ఉండేది.

అమ్మీ దర్గా నుంచి వేలితో గాల్లో దారి గీసుకుంటూ వచ్చింది. ఇది ఫలానా గల్లీ, ఇది మస్జిద్, ఇది నీళ్ల ట్యాంకు, అని. చివరికి ఒక చోట వేలు ఆపింది. అదే మన మేడ అంది. అవునో కాదో నాకు తెలీదు. అగ్గిపెట్టెల్లాంటి ఇళ్లు, అన్నీ ఒకేలా ఉన్నాయి. కానీ అమ్మీకి నమ్మకం. చాలాసేపు అటే చూసి అంది: "ఇత్తా సా ఘర్! పచాస్ సాల్ ఇస్‌మేచ్ గుజర్ గయే."

నేనేమీ మాట్లాడలేకపోయాను. బేగం అమ్మీ చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. మన ఖాందాన్‌లలో సైర్ అంటే మగాళ్ల హక్కు అయిపోయింది. ఇది ఎవరూ ఫత్వా ఇచ్చి చేసింది కాదు. ఆదత్‌గా అయిపోయింది. అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. నేనూ ఇన్నాళ్లూ అవే చెప్పాను కాబట్టి నాకు బాగా తెలుసు.

మొదటిది ఖర్చు. కారు బాడుగ, టిక్కెట్లు, దారిలో పిల్లలు తిన్న ఐస్‌క్రీములు అన్నీ కలిపి మాకైంది 3 వేల లోపే. తిండి ఇంటి నుంచే. మన వలీమా దావత్‌లలో "వాళ్లు పెట్టారు, మనమూ పెట్టాలి" అని ఒక్క రకం ఎక్కువ పెట్టడానికి అయ్యే ఖర్చులో ఇది ఎన్నో వంతు? అక్కడ ఫుజూల్ ఖర్చీ గుర్తురాదు. ఇంట్లో అమ్మీని ఒక రోజు బయటికి తీసుకెళ్లేటప్పుడే గుర్తొస్తుంది.

రెండోది పరదా. మా అమ్మీ, బేగం ఇద్దరూ బుర్ఖాలోనే వచ్చారు. కొండకి గానీ సముద్రానికి గానీ దానివల్ల ఏ ఇబ్బందీ కలగలేదు. పరదా అంటే ఒంటి మీద కప్పుకునేది. కళ్ల ముందు కట్టే గోడ కాదు. షాపింగ్ మాల్‌కి, షాదీఖానాకి అడ్డురాని పరదా సముద్రం దగ్గర ఎందుకు అడ్డొస్తుంది?

మూడోది దీన్. "మన పెద్దల ఇళ్లల్లో ఆడవాళ్లు ఇలా తిరిగేవాళ్లా?" అంటారు. తిరిగేవాళ్లు. బాబర్ కూతురు గుల్‌బదన్ బేగం 50 ఏళ్లు దాటాక, అక్బర్ ఇంటి ఆడవాళ్లని వెంటబెట్టుకుని హజ్‌కి బయల్దేరింది. 1576లో వెళ్లి 1582లో తిరిగొచ్చింది. తిరుగు దారిలో అదన్ దగ్గర ఓడ పాడై నెలల తరబడి అక్కడ ఉండిపోవాల్సి వచ్చినా వెనక్కి వచ్చి, తర్వాత కలం పట్టి తన అన్న హుమాయూన్ చరిత్ర రాసింది. మన హైదరాబాద్‌లోనే సుగ్రా హుమాయూన్ మిర్జా వందేళ్ల క్రితం యూరప్ దాకా వెళ్లి సఫర్‌నామా రాసింది. అది హజ్, ఇది చదువుకున్న ధనవంతుల సంగతి అంటారా? అయితే ఇంకా దగ్గరికి రండి. ఈద్ రోజు మస్జిదె నబవీలో హబ్షీలు బల్లేలతో ఆట చూపిస్తుంటే, హజ్రత్ ఆయిషా (రజి) చూడాలనుకుంటే, ప్రవక్త (స) ఆమెకు ఆడుగా తాను నిలబడి చూపించారని హదీసుల్లో ఉంది. ఎంతసేపు? ఆమెకు చాలనిపించేదాకా. తొందర పెట్టలేదు. నేను మాత్రం ఆ రోజు యారాడలో మూడుసార్లు వాచీ చూసుకున్నాను. చెప్పుకోవడానికి షరమ్‌గా ఉంది.

నాలుగోది, అన్నిటికంటే ఎక్కువగా వినే మాట: "వాళ్లే అడగరు." దీనికి జవాబు మా ఆపా. ఎనిమిదేళ్ల వయసులో ఆమె అడగడం మానేసింది. ఎందుకు మానేసిందో మనకు తెలుసు.

ఒక్క మాట ఒప్పుకుంటాను. ఆడవాళ్లతో బయటికి వెళ్లడం మగాళ్లు దోస్తులతో వెళ్లినట్టు తేలిక కాదు. బాత్రూమ్ ఎక్కడుందో ముందే కనుక్కోవాలి. వుజూకి చోటు చూసుకోవాలి. పెద్దవాళ్లుంటే మెట్లెన్ని, కూర్చోవడానికి నీడ ఉందా అని చూడాలి. మగ్రిబ్ లోపు ఇంటికి చేరేలా బయల్దేరాలి. ఈ చోట్లలో రానిచ్చే వేళలు మారుతుంటాయి, ముందే ఫోన్ చేసి అడగాలి, కార్డులు దగ్గరుంచుకోవాలి. ఇది నిజంగా తక్‌లీఫే. కానీ ఈ తక్‌లీఫ్ మనం పడాల్సింది. మనకి రోజూ మూడు పూటలా తక్‌లీఫ్ పడి వండి పెట్టేవాళ్ల కోసం ఏడాదికి ఒక రోజు ఈ మాత్రం పడలేమా? ఇంకో సంగతి. ఆ రోజు వంట కూడా వాళ్లచేతే చేయించాను. అది నా తప్పు. ఈసారి బిర్యానీ పొట్లాలు హోటల్ నుంచే.

మా ఇంట్లో ఒక ఉసూల్ పెట్టుకున్నాం. ఏడాదికి రెండు సైర్‌లు. ఎక్కడికి వెళ్లాలన్నది ఒకటి బేగం చెబుతుంది, ఒకటి అమ్మీ చెబుతుంది. మేం మగాళ్లం కారు, టిక్కెట్లు, సామాను చూసుకోవాలి. డబ్బు కోసం ఒక డబ్బా పెట్టాం. రోజూ పది రూపాయలు. ఏడాదికి 3,650 అవుతుంది. పెద్ద మొత్తం కాదు. దగ్గరి ఊళ్లకి చాలు.

అస్ర్ ఆ కొండ మీదే చదివాం. అమ్మీ కుర్చీలో కూర్చుని చదివింది. సలామ్ తిప్పాక చాలాసేపు దుఆ చేసింది. ఏం అడిగిందని మా అమ్మాయి అడిగితే, "మాంగ్నా క్యా, దేఖ్‌కే షుకర్ కరీ" అంది.

ఇంటికొచ్చాక రాత్రి అమ్మీ కడపలో ఉన్న ఆపాకి ఫోన్ చేసింది. అరగంట మాట్లాడింది. కొండ, ఓడలు, షిప్‌యార్డ్ గేటు, అగ్గిపెట్టెంత మన ఇల్లు, అన్నీ చెప్పింది. చివర్లో ఫోన్ నాకిచ్చింది. ఆపా గొంతు నవ్వుతూనే ఉంది. కానీ అడిగింది.

"భాయ్, ముఝే కబ్ లేకో జాతే?"

ఆపాకి ఇప్పుడు 47. ఎనిమిదేళ్ల వయసులో మానేసిన సవాల్‌ని మళ్లీ అడిగింది. మే సెలవులకు రమ్మన్నాను. ఎండలు మండిపోతాయి, అయినా ఆపను, ఇన్‌షాఅల్లాహ్.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అడగడం మానేసి ఉంటారు. ఈ జుమా నమాజ్ అయి ఇంటికి వెళ్లాక, దస్తర్‌ఖాన్ దగ్గర వాళ్లని మీరే అడగండి. మొదట "నక్కో" అంటారు. రెండోసారి అడగండి.

ఖుదా హాఫిజ్.